మారే కస్టమ్స్ నిబంధనలకు వ్యాపార సన్నద్ధత

నిర్వచనం

దేశ సరిహద్దు దాటే సరుకుపై సుంకం రేటు, కాగితాలు, తనిఖీ, నిషేధాల నియమాలు మారినప్పుడు సరుకు రేవులో చిక్కుకోకుండా, ధర లెక్క తలకిందులు కాకుండా సంస్థ ముందే చేసుకునే ఏర్పాట్లన్నింటినీ కలిపి కస్టమ్స్ సన్నద్ధత అనవచ్చు. ఎగుమతిదారు, దిగుమతిదారు, కస్టమ్స్ బ్రోకరు, షిప్పింగ్ ఏజెంటు, బ్యాంకు, కొనుగోలుదారు ఇందులో భాగస్వాములు. భారత రేవుల్లో బ్రోకరును నేటికీ పాత పేరుతో సిహెచ్‌ఏ అనే పిలుస్తారు.

సన్నద్ధత అంటే జోస్యం కాదు. ఏ ప్రభుత్వం ఏ రోజు ఏ రేటు ప్రకటిస్తుందో పెద్ద సంస్థలకూ తెలియదు. ప్రకటన వెలువడిన గంటలో తమ సరుకుల్లో వేటికి అది తగులుతుందో, సముద్రంలో ఉన్న కంటైనర్ల పరిస్థితి ఏమిటో, పెరిగిన సుంకం ఎవరి జేబులోంచి వెళ్తుందో చెప్పగలిగిన సంస్థే సన్నద్ధంగా ఉన్నట్టు.

చరిత్ర

సుంకం రాజ్యమంత పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో శుల్కాధ్యక్షుడి విధుల గురించి వివరంగా ఉంది. తెలుగు నేలపై ఈ విషయంలో చెప్పుకోదగ్గ ఆధారం కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన మోటుపల్లి శాసనం. తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డుకు చేరిన ఓడల్లోని సరుకును పాలకులు స్వాధీనం చేసుకునే పాత పద్ధతిని మానుకుంటున్నామనీ, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోమనీ సముద్ర వ్యాపారులకు అది అభయమిచ్చింది. రేటు ఎంతన్నది ఒక సంగతి, రేటు ముందుగా తెలిసి ఉండడం మరో సంగతి. వ్యాపారికి రెండోదే ఎక్కువ అవసరమని ఆ శాసనకర్తలు గ్రహించారు.

బ్రిటిష్ పాలనలో 1878 నాటి సముద్ర కస్టమ్స్ చట్టం, 1924 నాటి భూ కస్టమ్స్ చట్టం వచ్చాయి. వాటి స్థానంలో 1962 కస్టమ్స్ చట్టం, రేట్ల కోసం 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం ఏర్పడ్డాయి. 1991లో 150 శాతంగా ఉన్న గరిష్ఠ సుంకం దశలవారీగా తగ్గి, వ్యవసాయేతర సరుకులకు 2007 నాటికి 10 శాతానికి చేరింది. 2011లో స్వీయ మదింపు వచ్చింది. అప్పటి నుంచి సరుకు కోడ్, విలువ, సుంకం తేల్చే ప్రాథమిక బాధ్యత దిగుమతిదారుదే. అధికారి పాత్ర సరిచూడడానికి పరిమితమైంది, తప్పుకు జవాబుదారీ మాత్రం వ్యాపారి మీదికి వచ్చింది. సన్నద్ధత గురించి భారతీయ సంస్థలు గట్టిగా ఆలోచించాల్సిన అగత్యం ఈ మార్పుతోనే మొదలైంది.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చి దిగుమతి పన్నుల లెక్కను మార్చింది. 2020 అక్టోబరు 31 నాటికి ముఖాముఖి లేని మదింపు దేశమంతటికీ విస్తరించింది. విశాఖపట్నంలో దిగిన సరుకు కాగితాలను వేరే ఊళ్లోని అధికారి పరిశీలించే పద్ధతి ఇది. కౌంటరు దగ్గర నిలబడి వివరణ ఇచ్చుకునే అవకాశం తగ్గడంతో, దాఖలు చేసిన పత్రమే మాట్లాడాల్సి వస్తోంది.

అంతర్జాతీయంగా కస్టమ్స్ సహకార మండలి 1952లో ఏర్పడింది. నేడు దాన్ని ప్రపంచ కస్టమ్స్ సంస్థ అంటున్నారు. దాని ఆధ్వర్యంలో 1988 జనవరి 1న హార్మనైజ్డ్ సిస్టమ్ అనే ఉమ్మడి కోడ్ పద్ధతి అమల్లోకి వచ్చింది. ప్రపంచ వాణిజ్య సంస్థ రూపొందించిన వాణిజ్య సౌలభ్య ఒప్పందం 2017 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. కొత్త నియమాలను అమలుకు ముందే ప్రచురించాలనీ, అభిప్రాయాలు చెప్పే వీలు కల్పించాలనీ ఆ ఒప్పందం చెబుతుంది. అయితే ఆ నిబంధన నుంచి సుంకం రేట్ల మార్పులకు మినహాయింపు ఉంది. అంటే వ్యాపారికి అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేయగల మార్పుకే ముందస్తు నోటీసు హామీ లేదు.

మార్పుల రకాలు

రేటు మార్పు అందరికీ కనిపించేది. భారతదేశంలో బడ్జెట్ రోజున ప్రకటించిన కస్టమ్స్ రేట్లు చాలావరకు ఆ అర్ధరాత్రి నుంచే వర్తిస్తాయి. 2023 నాటి తాత్కాలిక పన్నుల వసూలు చట్టం ఇందుకు ఆధారం. దీనికి ముందు 1931 చట్టం ఉండేది. ఈ మార్పు ప్రతిసారీ భారమే కానక్కర్లేదు. 2024 జూలై బడ్జెట్ రొయ్యల మేత, తల్లి రొయ్యలపై ప్రాథమిక సుంకాన్ని 5 శాతానికి తగ్గించింది. తగ్గింపును అందుకోవడానికీ సంసిద్ధత కావాలి.

కోడ్ మార్పు నిశ్శబ్దంగా వస్తుంది. హార్మనైజ్డ్ సిస్టమ్‌లో మొదటి 6 అంకెలు ప్రపంచమంతటా ఒకటే. తర్వాతి అంకెలు దేశాన్నిబట్టి మారతాయి. భారతదేశం 8, అమెరికా 10 అంకెలు వాడతాయి. సాధారణంగా ఐదేళ్లకోసారి ఈ పట్టికను సవరిస్తారు. 2022 సవరణలో 351 మార్పులు జరిగాయి. డ్రోన్లకు 8806 అనే సొంత శీర్షిక, స్మార్ట్‌ఫోన్లకు ప్రత్యేక ఉపశీర్షిక వచ్చాయి. పాత కోడ్ మీద కట్టుకున్న ధరల పట్టిక, లైసెన్సు, రాయితీ అన్నీ ఆ రోజు సరిచూసుకోవాల్సి వచ్చింది.

మూలదేశ నియమాలు, సమాచార నియమాలు, నిషేధాలు, ప్రమాణాలు మిగతా రకాలు. వీటిలో సమాచార నియమాలు ఏటేటా పెరుగుతున్నాయి. ఓడలో కంటైనరు ఎక్కడానికి 24 గంటల ముందే వివరాలు పంపాలన్న దిగుమతి భద్రతా దాఖలును అమెరికా 2009 జనవరి 26 నుంచి అమలు చేస్తోంది. యూరోపియన్ యూనియన్ ఐసీఎస్2 పేరుతో ఇలాంటి ఏర్పాటును 2021లో విమాన పార్శిళ్లతో మొదలుపెట్టి, 2024 జూన్ 3న సముద్ర రవాణాకు విస్తరించింది. పత్రంలో కేవలం దుస్తులు, విడి భాగాలు అని రాస్తే సరిపోదు. ప్రతి వస్తువుకూ 6 అంకెల కోడ్, స్పష్టమైన వర్ణన ఉండాలి.

ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు తయారీలో వెలువడే కర్బనానికి వెల కట్టే యూరప్ సరిహద్దు కర్బన సర్దుబాటు విధానం ప్రమాణాల కోవలోకి వస్తుంది. 2023 అక్టోబరు నుంచి వివరాల సమర్పణకు పరిమితమైన ఈ విధానం 2026 జనవరి 1న పూర్తి దశలోకి ప్రవేశించింది. కస్టమ్స్ పత్రం నింపాలంటే ఇప్పుడు ఫ్యాక్టరీ కొలిమి లెక్క కూడా కావాలి.

అమలు క్షణం

రేటు మారిన రోజున దారిలో ఉన్న సరుకుకు పాత రేటా, కొత్త రేటా అన్నది ఈ రంగంలో అన్నింటికన్నా ఖరీదైన ప్రశ్న. దీనికి జవాబు దేశాన్నిబట్టి, సరుకు ఏ దశలో ఉందన్నదాన్నిబట్టి మారుతుంది.

భారత కస్టమ్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం దేశీయ వాడకానికి వచ్చిన సరుకుకు బిల్ ఆఫ్ ఎంట్రీ అనే దిగుమతి పత్రం సమర్పించిన రోజు రేటు వర్తిస్తుంది. ఓడ లేదా విమానం రాకముందే బిల్లు వేస్తే, ఓడకు ప్రవేశానుమతి దొరికిన రోజు లేదా విమానం దిగిన రోజు రేటు వర్తిస్తుంది. బాండెడ్ గోదాములో దాచిన సరుకుకు, అక్కడి నుంచి బయటికి తీయడానికి బిల్లు వేసిన రోజు రేటే లెక్క. కాబట్టి గోదాములో పెట్టడం వల్ల భారతదేశంలో సుంకం వాయిదా పడుతుంది తప్ప పాత రేటు ఖాయం కాదు. అమెరికాలో 2025లో దేశాలవారీగా వేసిన ‘పరస్పర’ అదనపు సుంకాల విషయంలో పద్ధతి వేరు. విదేశీ వాణిజ్య మండలంలోకి సరుకు చేరిన రోజు రేటే దానికి కట్టుబడి ఉండేలా నిబంధన పెట్టారు. ఒక దేశపు అనుభవంతో మరో దేశంలో నిర్ణయం తీసుకున్న సంస్థ దెబ్బతినేది ఇలాంటి చోటే.

ఎగుమతులకు 16వ సెక్షన్ వర్తిస్తుంది. కస్టమ్స్ అధికారి ఎగుమతికి అనుమతిస్తూ లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ ఇచ్చిన రోజే ప్రమాణం.

రోజు కాదు, క్షణమే లెక్కని తేల్చిన కేసు ఒకటుంది. పుల్వామా దాడి తర్వాత 2019 ఫిబ్రవరి 16న భారత ప్రభుత్వం పాకిస్తాన్ సరుకులన్నింటిపై సుంకాన్ని 200 శాతం చేసింది. నోటిఫికేషన్ ఎలక్ట్రానిక్ గెజెట్‌లోకి ఎక్కింది రాత్రి 8 గంటల 46 నిమిషాల 58 సెకన్లకు. అట్టారీ సరిహద్దులో దిగుమతిదారులు అదే రోజు అంతకుముందే బిల్ ఆఫ్ ఎంట్రీలు వేశారు. రోజంతటికీ కొత్త రేటే అని కస్టమ్స్ శాఖ వాదించింది. జి.ఎస్. ఛత్తా రైస్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు 2020 సెప్టెంబరు 23న ఆ వాదనను తోసిపుచ్చింది. గెజెట్‌లో వెలువడిన క్షణానికి ముందు వేసిన బిల్లులకు కొత్త రేటు వర్తించదని చెప్పింది. కంప్యూటరు ముద్రించే సమయాన్ని భద్రపరచుకోవడం ఎందుకు అవసరమో ఈ తీర్పు చెబుతుంది.

కాకినాడ రేవుకు ఇలాంటి అనుభవం బియ్యం విషయంలో ఎదురైంది. 2022 సెప్టెంబరు 9న నూకల ఎగుమతిపై నిషేధం, మరికొన్ని బాస్మతియేతర రకాలపై 20 శాతం ఎగుమతి సుంకం వచ్చాయి. 2023 జూలై 20న తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించారు. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం విధించారు. జూలై నిషేధంలో సంధికాలపు మినహాయింపులు ఉన్నాయి. నోటిఫికేషన్‌కు ముందే ఓడలో లోడింగ్ మొదలై ఉంటే, షిప్పింగ్ బిల్లు అనే ఎగుమతి పత్రం వేసి ఓడ రేవుకు చేరి దానికి రొటేషన్ నంబరు కేటాయించి ఉంటే, లేదా సరుకును కస్టమ్స్‌కు అప్పగించి వారి వ్యవస్థలో నమోదై ఉంటే పంపవచ్చు. మూడు సందర్భాల్లోనూ కావాల్సింది రుజువే. గోదాములో బస్తాలు సిద్ధంగా ఉన్నాయన్న మాట చెల్లదు. 2024 సెప్టెంబరు 28న టన్నుకు 490 డాలర్ల కనీస ధర షరతుతో నిషేధం ఎత్తేశారు. ఉప్పుడు బియ్యం సుంకం ముందు 10 శాతానికి తగ్గి, అక్టోబరు 22న పూర్తిగా పోయింది. రెండేళ్ల కాలంలో ఒకే ధాన్యం వ్యాపారికి ఇన్ని వేర్వేరు నియమాలు ఎదురయ్యాయి.

సన్నద్ధత పనితీరు

పని ఒక పట్టికతో మొదలవుతుంది. సంస్థ కొనే, అమ్మే ప్రతి వస్తువుకూ కోడ్, ఆ కోడ్ ఎంచుకోవడానికి కారణం, విలువ లెక్కించిన పద్ధతి, మూలదేశం, వాడుకుంటున్న రాయితీ నోటిఫికేషన్ నంబరు, దాని గడువు ఒకే చోట ఉండాలి. షరతులతో కూడిన మినహాయింపులకు భారతదేశంలో సాధారణంగా రెండేళ్ల తర్వాతి మార్చి 31తో గడువు ముగుస్తుంది. ఈ గడువును క్యాలెండరులో గుర్తు పెట్టుకోని సంస్థకు ఏప్రిల్ 1న కొత్త రేటు ఆకస్మికంగా తగిలినట్టు అనిపిస్తుంది గాని, ఆ తేదీ మొదటి నుంచీ చట్టంలోనే ఉంది.

కోడ్ విషయంలో సందేహముంటే ఢిల్లీ, ముంబైలలోని కస్టమ్స్ ముందస్తు తీర్పుల అథారిటీని ఆశ్రయించవచ్చు. సరుకు రాకముందే కట్టుబడే తీర్పు పొందే ఈ సౌకర్యాన్ని, కోట్ల రూపాయల యంత్రాలు తెప్పించే సంస్థలైనా మొదటి దశలోనే వాడుకోవడం మేలు.

విలువ లెక్కలో దేశాల మధ్య మౌలికమైన తేడా ఉంది. భారతదేశం సరుకు ధరకు సముద్ర రవాణా, బీమా ఖర్చులు కలిపి దానిపై సుంకం వేస్తుంది. అసలు ఖర్చు తెలియకపోతే రవాణాకు సరుకు విలువలో 20 శాతం, బీమాకు 1.125 శాతం లెక్కలోకి తీసుకుంటుంది. అమెరికా అంతర్జాతీయ రవాణా ఖర్చును కలపదు. ఓడ బాడుగలు పెరిగిన కాలంలో రేటు మారకపోయినా భారత దిగుమతిదారు కట్టే సుంకం పెరుగుతుందన్నమాట.

మూలదేశం అంటే సరుకు బయల్దేరిన రేవు కాదు, అది తయారైన చోటు. 2021 జనవరిలో బ్రెగ్జిట్ పూర్తయ్యాక బ్రిటిష్ సంస్థలకు ఈ తేడా అనుభవంలోకి వచ్చింది. జర్మనీలో తయారై బ్రిటన్‌కు వచ్చే పెర్సీ పిగ్ మిఠాయిలను అక్కడి నుంచి ఐర్లండుకు పంపితే సుంకం పడే పరిస్థితి ఏర్పడిందని మార్క్స్ అండ్ స్పెన్సర్ సంస్థ బహిరంగంగానే చెప్పింది. సుంకం లేని ఒప్పందం ఉన్నా, సరుకు బ్రిటన్‌లో తయారైంది కాదు గనుక దానికి ఆ లాభం దక్కలేదు.

భారతదేశంలో 2020 సెప్టెంబరు 21 నుంచి అమలవుతున్న మూలదేశ నియమాల ప్రకారం విదేశీ ధ్రువపత్రం చేతిలో ఉంటే చాలదు. సరుకు ఎలా తయారైంది, అందులో ఆ దేశపు విలువ ఎంత అన్న వివరాలు దిగుమతిదారు దగ్గరే ఉండాలి, వాటిని ఐదేళ్లు దాచాలి. యూఏఈతో 2022 మే 1న, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరు 29న, నార్వే, స్విట్జర్లండ్ తదితర నాలుగు దేశాల ఎఫ్టా కూటమితో 2025 అక్టోబరు 1న ఒప్పందాలు అమల్లోకి వచ్చాయి. ఒప్పందాలు పెరిగేకొద్దీ ఈ రికార్డుల బరువూ పెరుగుతోంది.

ఇక ఒప్పంద పత్రం. అంతర్జాతీయ వాణిజ్య మండలి ప్రచురించే ఇన్‌కోటర్మ్స్ 2020లో 11 షరతులు ఉన్నాయి. ఎఫ్‌ఓబీ కింద అమ్మితే దిగుమతి సుంకం కొనుగోలుదారుది. డీడీపీ కింద అమ్మితే సుంకం కట్టి సరుకు గుమ్మం దాకా చేర్చే బాధ్యత అమ్మకందారుది. మూడక్షరాల ఈ తేడాతో ఏడాది లాభం పోవచ్చు. సుంకం ఒప్పందం కుదిరాక పెరిగితే పెంపును ఎవరు ఎంత భరించాలి, తగ్గితే లాభం ఎవరిది అన్న వాక్యం అమ్మకపు ఒప్పందంలో లేకపోవడం చాలా సంస్థల్లో కనిపించే లోపం.

ఆలస్యానికీ వెల ఉంది. సరుకు వచ్చే రోజుకు ముందు రోజు ముగిసేలోగా బిల్ ఆఫ్ ఎంట్రీ వేయాలని 2021 సవరణ చెబుతోంది. గడువు దాటితే మొదటి మూడు రోజులు రోజుకు 5,000 రూపాయలు, ఆ తర్వాత రోజుకు 10,000 చొప్పున కట్టాలి. రేవులో డెమరేజి, కంటైనరు కంపెనీకి డిటెన్షన్ చార్జీలు దీనికి అదనం.

తప్పు జరిగాక దిద్దుకునే మార్గాలూ సన్నద్ధతలో భాగమే. భారతదేశంలో ఎక్కువ కట్టిన సుంకం వాపసుకు సాధారణంగా ఏడాది గడువుంది. సరుకు విడుదలయ్యాక దిగుమతిదారు తానే ముందుకొచ్చి పత్రాన్ని సవరించుకునే వీలును 2025 ఆర్థిక చట్టం 18ఎ సెక్షన్‌గా చేర్చింది. అమెరికాలో సుంకం ఖరారైన 180 రోజుల్లోగా అభ్యంతరం దాఖలు చేయాలి.

ఆంధ్ర రొయ్యలు, అమెరికా సుంకాలు

ఈ అంశమంతటికీ ఒకే చోట ఉదాహరణ కావాలంటే భీమవరం చెరువుల నుంచి విశాఖపట్నం రేవు మీదుగా అమెరికా వెళ్లే శీతలీకరించిన రొయ్యను చూడాలి. భారతదేశం 2024–25లో 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో శీతలీకరించిన రొయ్యల వాటా 500 కోట్ల డాలర్లకు పైనే. అతిపెద్ద మార్కెట్ అమెరికా, ఉత్పత్తిలో ముందున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్.

ఈ వ్యాపారం 2005 నుంచే, సరుకును అన్యాయంగా తక్కువ ధరకు అమ్ముతున్నారన్న కారణంతో అమెరికా వేసే యాంటీ డంపింగ్ సుంకం కింద ఉంది. అమెరికా పద్ధతిలో ఈ సుంకం సరుకు దిగిన రోజున ఖరారు కాదు. ముందు డిపాజిట్ కట్టించుకుంటారు, ఏటా జరిగే సమీక్ష ముగిశాక అసలు రేటు తేలుతుంది. అమ్మి తినేసిన రొయ్య మీద ఏడాది పైబడ్డాక అదనపు బిల్లు రావచ్చు, వాపసూ రావచ్చు. అందుకే ఈ రంగంలో అనుభవమున్న సంస్థలు పాత లెక్కలను ముగిసిపోయినట్టు ఎప్పుడూ భావించవు. 2004లో అమెరికా కస్టమ్స్ ఈ రొయ్యల దిగుమతులకు సుంకం చెల్లింపు హామీగా అదనపు బాండు కూడా అడిగింది. భారతదేశం దాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థలో సవాలు చేసి 2008లో గెలిచింది. 2018 డిసెంబరు 31 నుంచి సముద్రాహార దిగుమతి పర్యవేక్షణ కార్యక్రమం రొయ్యలకూ వర్తించింది. దాంతో ఏ చెరువులో పట్టిన సరుకో చూపే రికార్డులు అవసరమయ్యాయి. 2024 చివరలో, ఎగుమతి దేశపు సబ్సిడీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకంగా 5.77 శాతం ఖరారైంది.

2025 ఏప్రిల్ 5న అమెరికా దాదాపు అన్ని దేశాల సరుకులపై పరస్పర సుంకం పేరుతో 10 శాతం అదనపు సుంకం వేసింది. ఆగస్టు 7న భారతీయ సరుకులకు అది 25 శాతమైంది. రష్యా చమురు కొనుగోళ్లను కారణంగా చూపి ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం కలిపింది. పాత సుంకాలతో కలిపి రొయ్యలపై భారం దాదాపు 58 శాతానికి చేరింది. పోటీదారు ఈక్వెడార్‌కు అప్పుడు పరస్పర సుంకం 15 శాతం. అదే రోజుల్లో హైదరాబాద్ నుంచి వెళ్లిన జనరిక్ మందులు ఈ అదనపు సుంకాల పరిధిలోకి రాలేదు. పక్కపక్క తెలుగు రాష్ట్రాల రెండు ప్రధాన ఎగుమతుల తలరాతలు కోడ్‌ను బట్టి వేరయ్యాయి.

రెండో 25 శాతానికి సంధికాలపు మినహాయింపు ఇచ్చారు. ఆగస్టు 27కు ముందే చివరి ఓడలో ఎక్కి, సెప్టెంబరు 17కు ముందే అమెరికాలో ప్రవేశ పత్రం దాఖలైన సరుకుకు అది వర్తించదు. రెండు షరతులూ నెరవేరాలి. విశాఖ నుంచి చిన్న ఓడలో బయల్దేరి దారిలో మరో రేవులో పెద్ద ఓడకు మారే కంటైనరు విషయంలో, లెక్కలోకి వచ్చేది ఆ పెద్ద ఓడ ఎక్కిన తేదీ. విశాఖ బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ ఒక్కటే చూసుకున్నవారికి ఈ మెలిక తర్వాత గాని తెలియదు.

ఆంధ్ర ఎగుమతిదారుల్లో చాలామంది డీడీపీ షరతుతో అమ్ముతారు. అమెరికాలో తమ అనుబంధ సంస్థనే దిగుమతిదారుగా చూపి సుంకం తామే కడతారు. సుంకం తక్కువగా ఉన్నంత కాలం ఈ పద్ధతి ఖాతాదారును నిలుపుకోవడానికి పనికొచ్చింది. రేటు పెరిగాక దారిలో ఉన్న కంటైనర్ల భారమంతా అమ్మినవారి మీదే పడింది.

దీనికి బాండు తోడవుతుంది. అమెరికాలో నిరంతర కస్టమ్స్ బాండు మొత్తం సాధారణంగా గత 12 నెలల్లో కట్టిన సుంకాల్లో 10 శాతం, కనీసం 50,000 డాలర్లు. ఏటా కోటి డాలర్ల సరుకు పంపే సంస్థను ఊహిస్తే, 8 శాతం సుంకం ఉన్నప్పుడు బాండు 80,000 డాలర్లు. 58 శాతమైతే 5,80,000 డాలర్లు. సుంకానికి నగదు, బాండుకు పూచీ ఒకేసారి సమకూర్చుకోవాలి. రేటు పెంపు ముందుగా లాభనష్టాల పద్దుకు కాదు, బ్యాంకు పరిమితికి తగులుతుంది.

కోడ్, వర్ణనల పాత్ర ఇక్కడా కనిపిస్తుంది. మామూలు శీతలీకరించిన రొయ్య 0306.17 కిందికి వస్తుంది. బ్రెడ్ పొడి పూసినవి, వండి నిల్వ చేసినవి 1605 శీర్షికలో ఉంటాయి. నిర్దిష్ట ప్రమాణాలకు లోబడి బ్రెడ్ పూసిన రొయ్యకు యాంటీ డంపింగ్ ఉత్తర్వు వర్తించదు. విలువ జోడించిన ఉత్పత్తులవైపు మళ్లడానికి ఇదీ ఒక కారణం. ఆ మార్పు నిజమైన తయారీతో రావాలి. కోడ్ మాత్రమే మార్చి రాయడం మోసం కిందికి వస్తుంది. మూడో దేశం మీదుగా తిప్పి సుంకం తప్పించుకునే సరుకుపై అమెరికా 2025 జూలై 31 ఉత్తర్వులో 40 శాతం సుంకం ప్రకటించింది.

మార్కెట్లను విస్తరించుకోవడం మరో దారి. 2025 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ అదనంగా 102 భారతీయ మత్స్య యూనిట్లను తన ఆమోదిత జాబితాలో చేర్చింది. అయితే యూరప్‌కు వెళ్లే భారతీయ సాగు రొయ్యల్లో 50 శాతం కన్‌సైన్‌మెంట్లను యాంటీబయాటిక్ అవశేషాల కోసం పరీక్షించే నియమం 2016 నుంచి ఉంది. సుంకం సమస్య అక్కడ ప్రమాణాల సమస్యగా మారుతుంది. దానికి సన్నద్ధత చెరువు గట్టు మీదే మొదలవ్వాలి.

అమెరికా రేట్లు ఆ తర్వాతా మారుతూనే వచ్చాయి. కాబట్టి ఈ అంకెలను నేటి ధరల లెక్కకు వాడరాదు.

చిన్న పార్శిళ్లు

800 డాలర్లలోపు పార్శిళ్లకు అమెరికా 2016 నుంచి ఇస్తూ వచ్చిన సుంకం మినహాయింపును 2025 మే 2న చైనా, హాంకాంగ్ సరుకులకు, ఆగస్టు 29న మిగతా ప్రపంచానికి తొలగించింది. సుంకం ఎవరు వసూలు చేసి ఎవరికి జమచేయాలో స్పష్టత లేక భారత తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికా పార్శిళ్లను చాలావరకు ఆపింది. అక్టోబరు 15న, సుంకాన్ని పంపేచోటే ముందుగా వసూలు చేసే ఏర్పాటుతో మళ్లీ తెరిచింది. అమెరికాలోని పిల్లలకు ఆవకాయ, పూతరేకులు, సున్నుండలు పంపే తెలుగు కుటుంబాలకూ, ఆన్‌లైన్‌లో చేనేత చీరలు అమ్మే చిన్న వ్యాపారులకూ కస్టమ్స్ కోడ్ అనే మాట ఆ రోజుల్లోనే పరిచయమైంది. యూరప్ కూడా ఇదే దారిలో ఉంది. 150 యూరోలలోపు పార్శిళ్లలోని వస్తువులపై 2026 జూలై 1 నుంచి 3 యూరోల చొప్పున సుంకం వేయాలని సభ్యదేశాల ఆర్థిక మంత్రులు 2025 డిసెంబరులో అంగీకరించారు.

ప్రాధాన్యం, పరిమితులు, భిన్నాభిప్రాయాలు

నమ్మకమైన వ్యాపారులకు త్వరిత అనుమతులిచ్చే ఆథరైజ్డ్ ఎకనామిక్ ఆపరేటర్ పథకం 2005 నాటి ప్రపంచ కస్టమ్స్ సంస్థ భద్రతా చట్రం నుంచి పుట్టింది. భారతదేశం 2011లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2016లో మూడంచెల పథకంగా మార్చింది. తనిఖీలు తగ్గడం, సుంకం వాయిదా చెల్లింపు వంటి లాభాలున్నాయి. చిన్న పరిశ్రమలకు షరతులు సడలించినా, రికార్డుల నిర్వహణకు ప్రత్యేక సిబ్బందిని పెట్టుకోలేని సంస్థలకు ఇది ఇంకా దూరంగానే ఉంది.

ముందుగానే ఎక్కువ సరుకు తెప్పించి నిల్వ చేయడంపై రెండు అభిప్రాయాలున్నాయి. రేటు పెరుగుతుందన్న అంచనా నిజమైతే లాభమే. రేటు పెరగకపోతే గోదాము అద్దె, వడ్డీ, పాడయ్యే సరుకు నష్టం మిగులుతాయి. రొయ్యలు, మిరప వంటి సరుకులకు ఈ వ్యూహం కొంత మేరకే పనికొస్తుంది. ప్రభుత్వాల వైపు వాదనలోనూ బలముంది. దేశంలో బియ్యం ధర పెరుగుతున్నప్పుడు నెల రోజుల ముందు నోటీసిచ్చి నిషేధిస్తే ఆ నెలలోనే నిల్వలన్నీ ఓడలెక్కుతాయి. వ్యాపార సంఘాలు కోరేది కనీసం ఒప్పందాలు కుదిరిన సరుకుకు మినహాయింపు. 2023 నాటి బియ్యం నోటిఫికేషన్‌లోని మినహాయింపులు ఈ రెండింటి మధ్య రాజీకి నమూనా.

నియమాలు ప్రకటించిన రోజుకే అమలవుతాయన్న నమ్మకమూ లేదు. ఓడ సరుకు వివరాలను ముందే ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపాలన్న భారత సముద్ర సరుకు మ్యానిఫెస్టు నిబంధనలు 2018లో వెలువడ్డాయి. వాటి సంధికాలపు గడువును మాత్రం పలుమార్లు పొడిగించారు. తొందరపడి సాఫ్ట్‌వేర్ మార్చుకున్నవారు, చివరి వరకు ఆగినవారు ఇద్దరూ ఇబ్బంది పడ్డారు. వాయిదా పడే నియమానికి డబ్బు ఖర్చు పెట్టేముందు సమాచారం సిద్ధం చేసుకోవడం తక్కువ నష్టంతో సాగే మార్గం. సాఫ్ట్‌వేర్ మారినా వస్తువు వర్ణన, కోడ్, మూలదేశం వివరాలు వృథా కావు.

రానున్న మార్పులు

హార్మనైజ్డ్ సిస్టమ్ తదుపరి కూర్పు 2028 జనవరి 1న అమల్లోకి వస్తుంది. తేదీ ముందే తెలిసిన కొద్ది మార్పుల్లో ఇది ఒకటి కాబట్టి, పాత కోడ్‌లకు కొత్త కోడ్‌లను జతపరిచే పనిని ఎగుమతి, దిగుమతి సంస్థలు 2027లోనే పూర్తి చేసుకోవాలి.